అక్టోబరు రికార్డులు, డెల్టా మురుగు: చర్చా కార్యక్రమం పూర్తి పాఠం

(2025 నవంబరు మొదటి వారంలో భీమవరంలో ఒక స్థానిక ఛానల్ నిర్వహించిన చర్చ ఇది. వాతావరణ శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఆచార్యులు, ఒక రైతు నాయకుడు, ఒక ఆక్వా రైతు, ఒక మహిళా కౌలు రైతు పాల్గొన్నారు. మాట మీద మాట పడినచోట చుక్కలు పెట్టాం; అవి కొంచెం ఎక్కువే వచ్చాయి.)

వ్యాఖ్యాత: నమస్కారం. అక్టోబరులో దేశం మొత్తం మీద సాధారణం కన్నా 49 శాతం ఎక్కువ వర్షం కురిసిందని భారత వాతావరణ శాఖ లెక్క తేల్చింది. అదే నెల 28వ తేదీ రాత్రి మొంథా తీవ్ర తుపానుగా మన నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. ఊళ్లకు ఊళ్లు చేపల, రొయ్యల చెరువులుగా మారిపోవడం వల్లనే వాతావరణం ఇలా గతి తప్పిందా అన్నది ఈనాటి ప్రశ్న. నలుగురికీ సమాన సమయం ఇస్తాను. మాస్టారూ, ముందు మీరు చెప్పండి.

ఆచార్యులు: జవాబును మీరు ప్రశ్నలోనే పెట్టేశారు కనుక దానిని కాసేపు పక్కన ఉంచుదాం. అక్టోబరులో దేశ సాధారణ వర్షపాతం 75.4 మిల్లీమీటర్లు, ఈసారి సుమారు 112 కురిసింది. సాధారణంలో 115 శాతం దాటుతుందని నెల మొదలవకముందే శాఖ అంచనా ఇచ్చింది. అయితే ఇది లడఖ్ నుంచి కన్యాకుమారి దాకా కలిపి తీసిన సగటు, అంతర్వేదిలో ఎంత కురిసిందో అది చెప్పదు. నిరుడు ఇదే అక్టోబరులో...

రైతు నాయకుడు: అంతర్వేది సంగతి నేను చెబుతానండి. వాన ఎంత కురిసిందన్నది కాదు, కురిసిన వాన ఎన్ని రోజులు చేలో నిలిచిందన్నదే మాకు లెక్క. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి నీరు తెచ్చే ఏర్పాటు చేశాడు. వచ్చిన నీరు పోయే దారిని ఎవరు చూస్తున్నారు? డ్రెయిన్లు గుర్రపుడెక్కతో కప్పుకుపోయాయి, అవి సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేట వేసింది. సముద్రం పోటు మీద ఉన్న వేళ మురుగు కిందికి దిగకపోగా వెనక్కి తంతుంది. మూడు రోజుల్లో దిగవలసిన నీరు పది రోజులు...

వ్యాఖ్యాత: అంటే చెరువుల గట్లు అడ్డుపడటం వల్లనే కదా?

ఆక్వా రైతు: ఒక్క మాట చెప్పనివ్వండి. తుపాను రాత్రి కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయి రొయ్య ఊపిరాడక తేలిపోతుంది. నష్టం మాకూ ఉంది. బంగాళాఖాతంలో పుట్టిన తుపానుకు నా పదెకరాల చెరువు కారణమంటే...

రైతు నాయకుడు: తుపానుకు కారణమని నేను అనలేదు. మురుగు నీరు పోయే కోడును గట్టులో కలిపేసుకున్నారని అంటున్నాను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి నేను కోనసీమలోనే ఉన్నాను. తెల్లారేసరికి మా తోటలో కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకు దువ్వినట్టు పడి ఉన్నాయి. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకు వెళ్లినవారిలో ఎందరో తిరిగి రాలేదు. ఆ మర్నాటి నుంచి డ్రెయిన్లు బాగుచేయమని అడుగుతూనే ఉన్నాం, ఇప్పుడూ అదే అడుగుతున్నాం.

(1996 జ్ఞాపకాలు మరో నాలుగు నిమిషాలు సాగాయి. వాటిని ఇక్కడ కుదించాం.)

వ్యాఖ్యాత: అమ్మా, మీ పొలం పక్కన చెరువు ఉందా?

కౌలు రైతు: ఉందండి, గాని నేను చెప్పవలసింది అది కాదు. తక్కువ రోజుల రకం వేశాను, కోతకు వారం ఉందనగా తుపాను వచ్చింది. మూడో రోజు చేలోకి దిగి, పడిపోయిన దుబ్బును ఎత్తి చూస్తే అడుగున నీటిలో నానిన కంకికి తెల్లటి మొలక సూదిమొనలా బయటికి వచ్చి ఉంది. పక్క చేను ఎక్కువ రోజుల రకం స్వర్ణ, అది ఇంకా పాలు పోసుకుంటోంది. అది పడితే తాలే మిగులుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద చల్లితే మొలక ఆగుతుందన్నారు. ఉప్పు ఇంట్లో ఉంది, ఆ బురదలో స్ప్రేయరు మోసుకుని దిగే మనిషే దొరకలేదు. 33 శాతానికి మించి నష్టపోతేనే పెట్టుబడి రాయితీ రాస్తారట. ఆ రాసేది భూమి ఆసామి పేరా, నా పేరా అని...

రైతు నాయకుడు: చూశారా, నీరు దిగి ఉంటే మొలక వచ్చేదా? నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

ఆచార్యులు: నిరుడు అక్టోబరు గురించి మొదలుపెట్టి ఆగిపోయాను. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశానికి అత్యంత వేడి అక్టోబరు 2024లోనే నమోదైంది. సగటు 25.69 డిగ్రీలు ఉండవలసింది 26.92కు చేరింది. అంతకన్నా ముఖ్యమైనది రాత్రి వేడి: 20.01 ఉండవలసిన కనిష్ఠం 21.85 అయింది. పడమటి నుంచి వచ్చే గాలి అలజడులు కరవై, బంగాళాఖాతపు అల్పపీడనాల మూలంగా తూర్పుగాలి వీచడమే కారణమని శాఖ అప్పుడు చెప్పింది. రాత్రులు వేడెక్కితే పైరు పగలు కూడబెట్టుకున్న పిండిపదార్థాన్ని శ్వాసలోనే ఖర్చు చేసుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి 10 శాతం తగ్గిందని 2004లో ప్రచురించారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అదనంగా ఆవిరిని మోయగలదు, కురిసేటప్పుడు అది...

వ్యాఖ్యాత: ఆ ఆవిరి మన చెరువుల నుంచే లేస్తున్నదని అనుకోవచ్చా?

ఆచార్యులు: అనుకోకూడదు. అది సముద్రం నుంచి లేచిన ఆవిరి. చెరువులు మురుగు దారిని మార్చాయా అన్నది వేరే ప్రశ్న, దానిని కొలిచి చూడాలి.

రైతు నాయకుడు: మాస్టారు కూడా నా మాటే అన్నారు!

ఆచార్యులు: నేను కొలవాలని మాత్రమే అన్నాను.

ఆక్వా రైతు: కొలవండి, నేనూ వస్తాను. వరి ఎకరాకు మిగలక, 2011లో కోనసీమ రైతులే సాగు మానేసి పంట విరామం ప్రకటించుకుంటే, ఆ తరువాత చెరువు తవ్వినవాడిని...

రైతు నాయకుడు: పంట విరామం ఎందుకు వచ్చిందో నన్ను అడగండి! అందులోనూ సగం కథ మురుగుదే. మొగల్లో ఇసుక తీయరు, తీసినా గట్టు మీదే పోస్తారు, తొలి వానకు అది మళ్లీ లోపలికే...

వ్యాఖ్యాత: సమయం మించిపోయింది. డెల్టా వాతావరణం మారడంలో చెరువుల పాత్రను ఈ చర్చ స్పష్టంగానే ముందుకు తెచ్చిందని భావిస్తున్నాను.

ఆచార్యులు: అలా ఎవరూ అనలేదండీ.

వ్యాఖ్యాత: వచ్చే వారం డ్రెయిన్ల మీదనే ప్రత్యేక చర్చ ఉంటుంది. నాయకుడు గారు తప్పక రావాలి.

రైతు నాయకుడు: వస్తాను, అయితే గంట సరిపోదు.

కౌలు రైతు: నా ప్రశ్న మిగిలిపోయిందండి, ఆ రాయితీ సొమ్ము ఎవరి ఖాతాలో...

(సంగీతం)