సగం రైలు

శ్రోతలందరికీ నమస్కారం.

యూరప్‌లో చదువుకున్న రోజుల్లో చేసిన ప్రయాణాల గురించి మాట్లాడమన్నారు. పావుగంట ఇచ్చారు. పావుగంటలో యూరప్ అంతా తిప్పి చూపించడం నా వల్ల కాదు. ఆ మాటకొస్తే నేనూ అంతా తిరగలేదు. తిరిగినవాటిలో కూడా సగం నేను వెళ్దామనుకున్న ఊళ్లు కావు. కాబట్టి ఈరోజు ఐఫెల్ టవర్ రాదు, పీసా గోపురం రాదు. ఒక రైలు వస్తుంది. నిజం చెప్పాలంటే, సగం రైలు వస్తుంది.

దానికంటే ముందు చిన్నచిన్నవి గబగబా చెప్పేస్తాను, లేకపోతే అవి గొంతులో అడ్డం పడుతుంటాయి.

ఒకసారి ఫ్రాంక్‌ఫర్ట్‌కి విమానం టికెట్ చాలా చవకగా దొరికింది. ఎగిరి గంతేసి కొన్నాను. టికెట్ మీద ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే హాన్ అని ఇంకో చిన్న మాట ఉంది. అంత చిన్న మాట ఏం చేస్తుందిలే అనుకున్నాను. హాన్ అనేది ఒకప్పటి అమెరికా సైనిక విమాన స్థావరం. ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి దాదాపు 120 కిలోమీటర్ల దూరం. ఆకాశంలో ఎంతసేపు ఉన్నానో, దిగాక బస్సులో అంతకంటే ఎక్కువసేపు ఉన్నాను.

ఇంకోటి నా స్నేహితుడిది. ఇటలీ నుంచి జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో ఉన్న మ్యూనిక్‌కి తిరిగి రావాలి. స్టేషన్‌లో నిలబడ్డాడు. మైకులో మొనాకో, మొనాకో అంటున్నారు. మొనాకో అంటే సముద్రం పక్కన కోటీశ్వరులుండే బుల్లి దేశం కదా, మనకెందుకు అనుకుని బండిని వదిలేశాడు. ఇటాలియన్ వాళ్లు మ్యూనిక్‌ని పిలిచే పేరే మొనాకో! సందేహం వస్తే బవేరియా మొనాకో అని చెబుతారట. మనవాడికి సందేహం కూడా రాలేదు, అదీ సమస్య.

మార్చి ఆఖరి ఆదివారం సంగతి కూడా ఒక్క మాటలో. ఆ తెల్లవారుజామున సరిగ్గా రెండు గంటలకు గడియారాలు మూడుకి దూకుతాయి. బల్ల మీది పాత అలారం గడియారానికి ఆ విషయం తెలియదు. దాన్ని నమ్ముకుని పొద్దున్నే బస్సు ఎక్కడానికి వెళ్లాను. బస్సు వెళ్లి గంటయింది. అదే అక్టోబరు ఆఖరి ఆదివారమైతే మూడు కాస్తా మళ్లీ రెండవుతుంది. ఆ రాత్రి జర్మనీలో దూరప్రయాణపు రైళ్లు ఏదో ఒక స్టేషన్‌లో గంటసేపు ఊరికే ఆగి నిలబడతాయి, గడియారం తమను అందుకునేదాకా. ఆ దృశ్యం ఊహించుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

సరే. ఇక రైలు.

అది 2017 అక్టోబరు, ఒక శనివారం. మేం ఐదుగురం, అందరం తెలుగువాళ్లమే, అందరం మ్యూనిక్‌లో చదువుకుంటున్నాం. టేగెర్న్‌జే అనే సరస్సు చూడాలని బయల్దేరాం. జర్మన్‌లో జే అంటే సరస్సు. మ్యూనిక్ నుంచి దక్షిణాన, ఆల్ప్స్ కొండల పాదాల దగ్గర ఉంటుంది. రైల్లో ఓ గంట.

బవేరియా రాష్ట్రంలో బయెర్న్ టికెట్ అని ఒకటుంది. విద్యార్థుల పాలిట వరం. ఒక్క టికెట్ కొంటే ఐదుగురిదాకా రోజంతా రాష్ట్రంలోని లోకల్ రైళ్లలో తిరగొచ్చు. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాత, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే. ఐదుగురూ పంచుకుంటే అప్పట్లో తలా పది యూరోల లోపే పడేది. ఒకటే షరతు. ప్రయాణించేవాళ్ల పేర్లన్నీ టికెట్ మీద రాయాలి. చెప్పకుండా తెలిసిపోయే షరతు ఇంకొకటి, ఆ ఐదుగురూ కలిసి ఉండాలి. ఈ రెండోది గుర్తుపెట్టుకోండి.

మా బృందంలో ఒకడు అన్నీ పద్ధతిగా చేసేవాడు. వాణ్ణి కలెక్టరుగారు అని పిలిచేవాళ్లం. మా టికెట్ ఆ కలెక్టరుగారి పర్సులోనే ఉంది. ఐదుగురి పేర్లూ ముత్యాల్లాంటి అక్షరాల్లో రాశాడు. నా వంతు వంట. పొద్దున్నే లేచి ఐదుగురికి సరిపడా పులిహోర కలిపి, పెద్ద డబ్బాలో పెట్టి, బ్యాగులో వేసుకున్నాను. అంటే, టికెట్ వాడి దగ్గర. పులిహోర నా దగ్గర.

పులిహోర వల్లే ఆలస్యమైంది. పోపు వేసేటప్పుడు తొందరపడకూడదు కదా! మ్యూనిక్ పెద్ద స్టేషన్‌లో ఈ కొండల వైపు వెళ్లే బళ్లు ఆగేది ప్రధాన హాల్లో కాదు, పక్కన రెక్కలా పొడుచుకొచ్చిన భాగంలో. ఎంత నడిచినా రాదు. నడక కాదు, పరుగే. నేను ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి బండి తలుపులు మూసుకోబోతున్నాయి. మావాళ్లు ఎక్కడో ముందు పెట్టెలోంచి చేతులూపుతున్నారు. నేను ఎదురుగా కనిపించిన మొదటి తలుపులోకి దూకేశాను. అంటే, బండికి అది చివరి పెట్టె.

ఏం పర్వాలేదు, ఒకటే బండి కదా. లోపల్నుంచి నడుచుకుంటూ వాళ్ల దగ్గరికి వెళ్దామని చూశాను. కొంత దూరం వెళ్లాక గోడ వచ్చింది. డ్రైవరు గది. బండి మధ్యలో డ్రైవరు గది ఎందుకుందా అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు. నేను ఆలోచించలేదు. తర్వాతి స్టేషన్‌లో దిగి ఎక్కొచ్చులే అని కూర్చున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. కిటికీ పక్క సీటు దొరికితే ఇక మనిషి లేవడు.

మైకులో ఏదో చెప్పారు. జర్మన్‌లో. నేను అప్పటికి ఏడాది నుంచి జర్మన్ నేర్చుకుంటున్నాను, కాబట్టి గర్వంగా చెవి రిక్కించాను. ఈ రైలు హోల్ట్స్‌కిర్షెన్‌లో గెటైల్ట్ అవుతుంది అన్నారు. గెటైల్ట్! ఆ మాట నాకు తెలుసు. క్లాసులో చెప్పారు. టైలెన్ అంటే పంచుకోవడం, గెటైల్ట్ దాంట్లోంచి వచ్చిందే. అమ్మ చాక్లెట్ ఇచ్చింది, పిల్లలు పంచుకున్నారు, అలాంటి వాక్యాలు పుస్తకంలో ఉండేవి. కాబట్టి నేను అర్థం చేసుకున్నది ఏమిటంటే, హోల్ట్స్‌కిర్షెన్‌లో రైలును అందరూ పంచుకుంటారు. బాగుంది, మంచివాళ్లు అనుకున్నాను.

టైలెన్ అంటే పంచుకోవడమే. విభజించడం కూడా అదే మాట. మన పంపకాలు లేవూ, అన్నదమ్ముల మధ్య జరిగేవి? ఆ పంపకాలన్న మాట. హోల్ట్స్‌కిర్షెన్‌లో ఈ రైలుకి పంపకాలు జరుగుతాయి. మ్యూనిక్ నుంచి ఒకటే బండిగా బయల్దేరిన మూడు భాగాల్లో ఒక భాగాన్ని ఇక్కడ విడదీస్తారు, అది బైరిష్‌ట్సెల్ అనే ఊరికి పోతుంది. మిగిలిన రెండూ షాఫ్ట్‌లాఖ్ దాకా కలిసి వెళ్లి అక్కడ అవీ విడిపోతాయి. ఒకటి లెంగ్‌గ్రీస్‌కి, ఒకటి టేగెర్న్‌జేకి. ఇవన్నీ నాకు ఆ తర్వాత తెలిసినవి.

హోల్ట్స్‌కిర్షెన్ వచ్చింది. బండి ఆగింది. ఫోన్ మోగింది. కలెక్టరుగారు.

"ఎక్కడున్నావురా?"

"బండిలోనే. వెనక పెట్టెలో. వస్తున్నా ఆగు."

"దిగి తొందరగా రారా, మేం కదులుతున్నాం."

"కదలడం ఏంట్రా? నేను కదలట్లేదు కదా!"

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఒకే బండిలో ఉన్నాం. వాడు కదులుతున్నాడు. నేను కదలట్లేదు. భౌతికశాస్త్రంలో ఇద్దరికీ మంచి మార్కులే వచ్చాయి, అయినా ఏం లాభం? నేను తలుపు దగ్గరికి వెళ్లి తొంగి చూసేసరికి రైల్లో సగం, అదే మావాళ్లున్న సగం, మెల్లగా ముందుకు వెళ్లిపోతోంది. టికెట్ అటు. పులిహోర ఇటు.

దిగాల్సింది. అక్కడే దిగి, గంట ఆగితే తర్వాతి బండి వచ్చేది. కానీ ఆ క్షణంలో బుర్ర పనిచేయదు. నోరు తెరుచుకుని చూస్తుండగానే నా సగం తలుపులు కూడా మూసుకున్నాయి. నా సగం కూడా బయల్దేరింది. ఎడమవైపుకు తిరిగింది.

ఇక కొండలు మొదలయ్యాయి. పచ్చిక బయళ్లు, ఆవులు, వాటి మెడలో గంటలు, అంతా క్యాలెండర్‌లో బొమ్మలా ఉంది. నాకు ఒక్కటీ కంటికి ఆనలేదు. టికెట్ లేని మనిషికి ప్రకృతి కనిపించదండీ. ష్లీర్‌జే అని ఇంకో సరస్సు వచ్చింది, దాని పక్కనే స్టేషన్. బండి ఆగింది. ఐదు నిమిషాల్లో మళ్లీ కదిలింది. వెనక్కి! వచ్చిన వైపుకే కదిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరో నా సంగతి డ్రైవరుకి చెప్పినట్టున్నారు, వెనక్కి తీసుకెళ్తున్నారు అనుకున్నాను. నవ్వకండి. నిజంగానే అనుకున్నాను. ఆ స్టేషన్‌లో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. బైరిష్‌ట్సెల్ వెళ్లాలంటే ఏ బండైనా అక్కడ దిశ మార్చుకుని, కొంత దూరం వెనక్కొచ్చి, వేరే పట్టా ఎక్కాల్సిందే. ఇంజినీరింగ్ చదువుకోవడానికి వచ్చినవాణ్ణి, అదీ తట్టలేదు.

తనిఖీకి ఒకావిడ వచ్చింది. నా ఫోన్‌లో కలెక్టరుగారు పంపిన టికెట్ ఫొటో ఉంది. చూపించాను. ఆవిడ ఓపిగ్గా ఫొటోని పెద్దది చేసి, నా పేరు వెతికి, నా గుర్తింపు కార్డుతో అక్షరం అక్షరం పోల్చింది. మన ఇంటిపేర్లు చదవడం వాళ్లకి ఎంత కష్టమో! పేరు సరిపోయింది.

"మిగతా నలుగురూ ఎక్కడ?"

"ఇంకో సగంలో" అన్నాను.

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే రసీదు రాసింది. 60 యూరోలు. టికెట్ లేకుండా వెళ్లడాన్ని జర్మన్‌లో ష్వార్ట్స్‌ఫారెన్ అంటారు, మాటకి మాట చెబితే నల్ల ప్రయాణం. ఫొటో టికెట్ కాదు, అసలు టికెట్ వేరే బండిలో ఉంది. ఆవిడ చేసినదాంట్లో తప్పేమీ లేదు. అప్పుడు మాత్రం అలా అనిపించలేదు లెండి.

ఇక్కడ ఒక్క నిమిషం కథ ఆపి, పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. మీ పిల్లలో, మీరో అటు వెళ్లేవాళ్లుంటే ఇదొక్కటి చాలు. బండిని చూడకండి, పెట్టెను చూడండి. ప్లాట్‌ఫాం మీది బోర్డులో అన్ని ఊళ్ల పేర్లూ కలిపి ఉంటాయి. టేగెర్న్‌జే ఉంటుంది, లెంగ్‌గ్రీస్ ఉంటుంది, బైరిష్‌ట్సెల్ కూడా ఉంటుంది. మీరు ఎక్కే పెట్టె పక్కన వెలిగే బోర్డు మీద మాత్రం ఆ పెట్టె వెళ్లే ఊరే ఉంటుంది. జర్మనీలోనే కాదు, యూరప్‌లో ఇంకొన్ని దేశాల్లోనూ ఇలా విడిపోయే బళ్లున్నాయి. రాత్రి రైళ్లయితే మరీ, మీరు నిద్రలో ఉండగానే మీ పెట్టెను విడదీసి ఇంకో బండికి తగిలిస్తారు. బండిని చూడకండి, పెట్టెను చూడండి. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెబితే బాగుండదు.

బైరిష్‌ట్సెల్‌లో పట్టాలు అయిపోయాయి. నిజంగానే అయిపోయాయి, దాని తర్వాత కొండే. పైన వెండెల్‌స్టైన్ శిఖరం, 1838 మీటర్లు. స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. మూత తీశాను. మళ్లీ పెట్టేశాను. ఐదుగురిది ఒక్కడినే తినడానికి మనసొప్పలేదు. వాళ్లేమో అక్కడ సరస్సు ఒడ్డున బన్నులు కొనుక్కుని తింటూ, నాకు సరస్సు ఫొటోలు పంపిస్తున్నారు. నేను వాళ్లకి పులిహోర ఫొటో పంపాను. ఐదు నిమిషాలపాటు ఎవరూ జవాబివ్వలేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి ఈసారి టికెట్ కొనుక్కునే ఎక్కాను. మళ్లీ ష్లీర్‌జే, మళ్లీ దిశ మార్పు, మళ్లీ ఆవులు. ఈసారి ఆవులు బాగా కనిపించాయి. హోల్ట్స్‌కిర్షెన్‌లో నా సగం ఆగి నిలబడింది. కలెక్టరుగారు ఫోన్ చేశాడు.

"మేం వస్తున్నాం. నువ్వు కదలకు."

పొద్దున విడదీసినవాటిని సాయంత్రం అక్కడే కలుపుతారు. నేను ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తున్నాను. దూరంగా దీపాలు కనిపించాయి. వాళ్ల సగం నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, దాదాపు మొహమాటపడుతున్నట్టు వచ్చి నా సగానికి ఆనుకుంది. ఢక్ అని చిన్న చప్పుడు. అంతే, ఒకటే బండి. తలుపులు తెరుచుకున్నాయి, నలుగురూ పరుగెత్తుకొచ్చి నా పెట్టెలో పడ్డారు. పలకరింపు లేదు, పరామర్శ లేదు. "డబ్బా ఏది?" అన్నారు.

పులిహోర అప్పటికి చల్లారి గట్టిపడింది. పల్లీలు మెత్తబడ్డాయి. బండి కదిలిన పది నిమిషాలకే డబ్బా అడుగు కనిపించింది. కలెక్టరుగారు చేతులు తుడుచుకుని, ఫోన్‌లో లెక్క వేశాడు. 60 యూరోలు, ఐదుగురు, తలా పన్నెండు. నేను వద్దన్నాను. గెటైల్ట్ అన్నాడు వాడు.

ఇంతలో తనిఖీకి ఇంకొకాయన వచ్చాడు. కలెక్టరుగారు టికెట్ తీసి ఇచ్చాడు. ఆయన పేర్లు చూసి, తలెత్తి, వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. ఐదుగురమూ ఉన్నాం.

నమస్కారం.