కబ్జా అంటే ఏ కబ్జా?

వకీలు దోస్తులందరికీ నమస్తే. క్లయింట్ ఇంటర్వ్యూల వాడే లీగల్ పదాల గురించి మాట్లాడమన్నరు. చట్టం పుస్తకాల్ల పదాలు మీకు నాకంటె బాగనే తెలుసు, నేను ఆ జోలికి పోను. మన ఆఫీసు మెట్లెక్కి వచ్చేటోళ్ళు వాడే మాటల గురించి చెప్త.

మొదలు నా తప్పు చెప్త. ప్రాక్టీసు కొత్తల దేవరకొండ దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది, చేతిల ఎరువుల సంచి, అండ్ల పాస్‌బుక్కు, పహాణీ నకళ్ళు, కరెంటు బిల్లులు అన్నీ ఒక్కదాంట్ల చుట్టి రబ్బరు బ్యాండేసి ఉన్నయి. "కొడుకా, మా మరిది నా చెల్క కబ్జా చేస్తుండు" అన్నది. చేస్తుండు అంటే ఇంకా చెయ్యబోతుండు అనుకున్న నేను, కబ్జాల ఆమెనే ఉన్నదని రాసి పర్మనెంట్ ఇంజంక్షన్ (అవతలోడు భూమి జోలికి రాకుండ ఆపే కోర్టు ఉత్తర్వు) దావా ఏసిన. క్రాస్‌ల (ఆమెను బోనుల ఎదురు ప్రశ్నలు అడిగేటప్పుడు) అవతలి వకీలు సాబు ఒక్కటే అడిగిండు, ఈ వానకాలం పత్తి ఎవరు పెట్టిండ్రమ్మా అని. "ఇంకెవరు సారూ, వాడే, రెండేండ్ల సంది వాడే దున్నుతుండు." ఆమె మాట మార్చలే, మొదటి రోజు చెప్పింది గూడ అదే, నేనే అడగలే. ఇంజంక్షన్ పోయింది, డిక్లరేషన్‌తోని (హక్కు ఆమెదే అని కోర్టు ప్రకటించుడు) స్వాధీనం కోసం మల్ల దావా ఏసేటాళ్ళకు ఆమెకు మూడేండ్లు దండుగ.

చూడుండ్రి, కబ్జా అంటే ఊర్ల ఆక్రమణ, మన ప్లెయింట్ల (దావా కాగితంల) స్వాధీనం. "కబ్జాల నేనే ఉన్న", "కబ్జా చేసిండు", రెండిట్లనూ అదే మాట, దావా మాత్రం వేరు. అనాతుల సుధాకర్ కేసుల సుప్రీంకోర్టు 2008ల ఇదే చెప్పింది, అది మన వరంగల్ నుంచి పోయిన కేసే: కబ్జాల ఉండి టైటిల్ (భూమి మీద హక్కు) మీద పేచీ లేకుంటే ఉత్త ఇంజంక్షన్ చాలు, కబ్జా పోతె స్వాధీనం అడగాలె, టైటిల్ మీదనే మబ్బు కమ్మితె డిక్లరేషన్ గూడ అడగాలె. టైటిల్ మీద స్వాధీనం అడిగితె లిమిటేషన్ (దావా ఏసే గడువు) 12 ఏండ్లు, అదీ అవతలోని కబ్జా మనకు ఎదురు తిరిగిన నాటి నుంచి. క్లయింటుకు తారీకులు యాదికుండయి, పెద్దపిల్ల పెండ్లైన యేడు అంటది, ఆ పెండ్లికార్డు తెప్పియ్యండి.

ఇంకోటి "కాగితం". కొన్నం సార్, కాగితం ఉన్నది అంటరు. తీస్తె తెల్లకాగితం మీద సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని అమ్మకం కాగితం) ఉంటది. రిజిస్ట్రేషన్ ఉన్నదా అని అడగకుండ, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయినారా, ఏలిముద్రలు ఏసినారా అని అడగండి. బైనామా అయితె అది 2014 జూన్ 2కు ముందుదా, దాన్ని క్రమబద్ధీకరించుమని 2020ల మీసేవల దరఖాస్తు పెట్టినరా అని గూడ అడగాలె, భూభారతి చట్టంల (తెలంగాణ భూమి రికార్డుల కొత్త చట్టం) దాని దారి వేరే ఉన్నది. ఉత్త అమ్మకం అగ్రిమెంటును గూడ అమ్మినమనే అంటరు, విరాసత్ (వారసుల పేరు మీదికి పట్టా మారుడు) కాకముందే భాగాలు పంచుకున్నమంటరు.

తోడొచ్చినోళ్ళ సంగతి. ఒక్కలకు పని ఉంటె ఆరుగురొస్తరు, అండ్ల పెద్దమనిషే మాట్లాడుతడు. ఆయనకు చాయ్ చెప్పి బయట కూసోబెట్టండి. వకీలుకు చెప్పిన మాటకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ల రక్షణ ఉన్నది, పాత ఎవిడెన్స్ యాక్టుల అది 126. కానీ పక్కన కూసున్న బామ్మర్దికి ఆ అడ్డం లేదు, రేపు ఆయనే అవతలి గవాయి (సాక్షి) కావచ్చు.

ఎంక్వైరీ అంటె తహశీల్ ఆఫీసు నకళ్ళు తెచ్చుడొక్కటే కాదు. రైతుబంధు (2025 నుంచి రైతు భరోసా) పడ్డదంటె కబ్జా ఉన్నట్టు కాదు, అది పట్టాదారు ఖాతాల పడుతది. వడ్ల కొనుగోలు సెంటర్ రసీదు ఎవరి పేరు మీదున్నది, బోరు మోటరు ఎవరేస్తరు, ఇవి చూడండి. వీలైతె మౌకా (భూమి ఉన్న జాగ) మీదికి మీరే పోండి, పక్క చెల్కాయనతోని ఒడ్డు మీద కూసోని మాట్లాడండి, ఆయన కోర్టుకు రాకున్నా సరే.

ఇగ మీకు తగిలిన అసొంటి మాటలేమన్న ఉంటె చెప్పుండ్రి, చాయ్ వచ్చేదాక టైమున్నది.