సైన్యంలో చేసిన ఏళ్లను పోలీసు పెన్షన్‌లో కొనుక్కోవాలా?

అందరికీ నమస్కారం. ముందు సైన్యంలో చేసి, తర్వాత ఇక్కడ కాలిఫోర్నియాలో పోలీసు ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "అన్నా, ఆ నాలుగేళ్లూ కొనుక్కోమంటావా?" అంటే డబ్బు కట్టి, సైన్యంలో చేసిన ఏళ్లను పోలీసు పెన్షన్ లెక్కలో కలుపుకోవడమన్నమాట.

కాల్‌పెర్స్‌లో, అంటే కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పెన్షన్ సంస్థలో, ఉన్నవాళ్లు సైన్యంలో చేసిన సర్వీసును 4 ఏళ్ల దాకా కొనుక్కోవచ్చు. ఒకప్పుడు ఏ కొలువూ చేయని కాలాన్ని కూడా 5 ఏళ్ల దాకా అమ్మేవారు. దాన్ని 'ఎయిర్‌టైమ్' అనేవారు. 2013 జనవరి నుంచి రాష్ట్రం దాన్ని ఎత్తేసింది. ఉద్యోగులు కోర్టుకెక్కితే 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ రద్దునే సమర్థించింది. కాబట్టి ఈ వీలు ఎప్పటికీ ఉంటుందని ధీమాగా కూర్చోలేం. పైగా ధర లెక్కలో మీ జీతం కూడా ఉంటుంది, ప్రమోషన్ వచ్చాక అడిగితే ఎక్కువే పడుతుంది.

అలాగని తొందరపడి సంతకం పెట్టకండి. ఎంతవుతుందని అందరూ అడుగుతారు. ఆ ఏళ్లు తనకు ఏం చేసిపెడతాయో అడిగేవాళ్లు తక్కువ. నా బాధంతా అదే.

ఒక లెక్క చూద్దాం. హైవే పట్రోల్‌లో 2010 అక్టోబరు 31కు ముందు చేరినవాళ్లకు 50 ఏళ్లు నిండితే ఏడాది సర్వీసుకు చివరి జీతంలో 3 శాతం చొప్పున పెన్షన్ కడతారు. గరిష్ఠంగా 90 శాతం, అంతకు మించి ఇవ్వరు. 22 ఏళ్లకు చేరినవాడు 52 దాకా చేస్తే 30 ఏళ్లకు 90 శాతం వచ్చేసినట్టే. వాడు కొన్న నాలుగేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. అదే మనిషి 50కే దిగిపోదామనుకుంటే 28 ఏళ్లకు 84 శాతం వస్తుంది. అప్పుడు కొన్నవాటిలో రెండేళ్లు పనికొస్తాయి, మిగతా రెండు దండగ. ఎప్పుడు దిగుతారో తేలకుండా కొనడం నాకు నచ్చదు.

గరిష్ఠానికి దూరంగా ఉన్నవాళ్ల సంగతి వేరు. చివరి జీతం నెలకు 10,000 డాలర్లు, మూడేళ్లు కొన్నారు అనుకోండి. నెలకు 900 పెరుగుతుంది. దానికి లక్షా యాభై వేలు కట్టారనుకుంటే, అసలు తిరిగి రావడానికే దాదాపు 14 ఏళ్లు. 55కు దిగితే 69 దాటాక లాభం, ఆ డబ్బు బయట ఉంటే వచ్చే రాబడి ఇందులో కలపలేదు.

457 ఖాతాలో, అంటే జీతంలోంచి పన్ను పడకముందే రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతాలో, డబ్బుంటే పన్ను పడకుండా నేరుగా అక్కడి నుంచే కట్టొచ్చు. కానీ ఉద్యోగం మానగానే జరిమానా లేకుండా చేతికందే డబ్బు అది. ఇంట్లో పిల్లల చదువులుంటే దాన్ని ఊడ్చి కట్టొద్దనే చెప్తాను. మీరు ముందుగా పోతే మీ భార్యకో, భర్తకో ఆ పెరిగిన పెన్షన్‌లో ఎంత వస్తుందో కూడా అడగండి. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

ఇంకో ముఖ్యమైన మాట. పోలీసు ఉద్యోగంలో ఉండగా నేషనల్ గార్డు, సైనిక రిజర్వు పిలుపు మీద వెళ్లొచ్చిన కాలం వేరు. సైనిక సేవకు వెళ్లినవాళ్ల ఉద్యోగ హక్కులను కాపాడే 1994 నాటి యుసెర్రా చట్టం ప్రకారం, తిరిగొచ్చి కొలువులో చేరితే ఆ కాలం పెన్షన్ లెక్కలో కలవడం మీ హక్కు. మీ వాటా బాకీ ఉంటే కట్టుకోవడానికి వెళ్లిన కాలానికి మూడింతల గడువు, గరిష్ఠంగా 5 ఏళ్లు ఇస్తారు. ఆ కాలానికి కొనుగోలు ఫారం నింపకండి.

కాగితాలు తెచ్చుకున్నవాళ్లు భోజనాలయ్యాక రండి, కలిసి చూద్దాం.