రెండర్‌కు రేటు చెప్పే ముందు

ఇళ్ల త్రీడీ మోడళ్లు చేసి, వాటి నుంచి రెండర్లు, అంటే ఫొటోలాంటి బొమ్మలు, తీసే అందరికీ నమస్కారం.

"అన్నా, త్రీడీ ఎలివేషన్‌కి ఎంత?" అని, అంటే ఇల్లు బయటినుంచి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మకు ధర అడుగుతూ, ఫోన్ రాగానే ప్లాన్ కూడా చూడకుండా మనలో చాలామంది అంకె చెప్పేస్తున్నారు. పక్కవాళ్లు రెండు వేలకు చేస్తున్నారని మనం పద్దెనిమిది వందలు అంటున్నాం. దయచేసి ఇది ఆపండి.

ముందు మీ గంట ఖరీదు తేల్చుకోండి. ఇంటి ఖర్చుకు నెలకు 60 వేలు కావాలనుకుందాం. కరెంటు, సాఫ్ట్‌వేర్ చందాలు, ఎప్పటికైనా మార్చాల్సిన గ్రాఫిక్స్ కార్డు కలిపి ఇంకో 15 వేలు. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు కూర్చున్నా ఫోన్లకూ కొటేషన్లకూ సగం పోతుంది. డబ్బు వచ్చే గంటలు 100. అంటే గంటకు 750. ఎలివేషన్‌కు 8 గంటలు పడితే 6,000 రూపాయలు. రెండు వేలకు ఒప్పుకుంటే మిగతా నాలుగు వేలు మీ జేబులోంచి పోయినట్టే.

అసలు నష్టం మార్పుల దగ్గర వస్తుంది. "డే వ్యూ ఎలాగూ ఉంది, నైట్ వ్యూ కూడా ఇచ్చేయండి" అంటారు. మోడల్ అదే, నిజమే. కానీ లైట్లన్నీ కొత్తగా పెట్టాలి, టెస్ట్ రెండర్లు మళ్లీ తీయాలి. గోడ రంగు మార్చడం చిన్న పనే. బాల్కనీని రెండడుగులు ముందుకు జరపమంటే మాత్రం రైలింగ్, నీడలు, కింద పోర్టికో అన్నీ కదులుతాయి. ఫుల్ హెచ్‌డీ బొమ్మను 4కేలో అడిగితే పిక్సెళ్లు నాలుగు రెట్లవుతాయి, రెండర్ టైమూ దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే మెటీరియల్స్ (రంగులు, టైల్స్ లాంటివి) వేయకముందే తెల్ల మోడల్ పంపి, కెమెరా కోణానికీ కొలతలకూ వాట్సాప్‌లోనైనా ఓకే రాయించుకోండి. అక్కడిదాకా రెండుసార్లు మార్పులు ధరలోనే. ఆ తర్వాత గంట లెక్క.

ఇల్లు కట్టుకునే కుటుంబానికీ, బ్రోచర్ వేసే బిల్డరుకూ ఒకే ధర వద్దు. ప్రకటనలోని తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టినవాళ్లు నష్టపోతే, 2016 నాటి రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) 12వ సెక్షన్ ప్రకారం బిల్డరు పరిహారం ఇవ్వాలి. కాబట్టి బ్రోచర్ బొమ్మలో ప్రతిదీ మంజూరైన ప్లానుతో సరిచూడాలి. ఆ సమయానికి డబ్బు అడగడం అత్యాశ కాదు. లేని పార్కును పెట్టమంటే మాత్రం ఎంతిచ్చినా ఒప్పుకోకండి.

సగం అడ్వాన్స్ తీసుకోండి. వాటర్‌మార్క్ వేసిన చిన్న సైజు బొమ్మ చూపించి, బాకీ వచ్చాకే ఫైనల్ ఫైలు పంపండి. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకోండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) ప్రకారం చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బుకు ఒప్పందంలో ఏం రాసుకున్నా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఈ సంగతి ప్రతి ఇన్‌వాయిస్ కిందా రాసి పంపండి.