తెలియనిదానికి తేదీ వేస్తే

వ్యాఖ్యాత: భారీ ప్రాజెక్టు ఏదైనా సరే, పని మొదలుకాకముందే చివరి రోజు దాకా గడువులు రాసిపెట్టుకోవడం ఆనవాయితీ. అవి తప్పినప్పుడు అంచనా వేసినవారిని తప్పుపడతాం గానీ, అసలు అంత దూరం అంచనా వేయడం సాధ్యమేనా అని అడగం. మీరేమంటారు?

అతిథి: గడువు తప్పడం కంటే, తెలియని విషయానికి ఒక తేదీ వేసి, దాన్ని తెలిసినదాని కింద జమకట్టడమే ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. సిడ్నీ ఒపెరా హౌస్ పనులు 1959లో మొదలైనప్పుడు 1963 కల్లా పూర్తవుతాయనుకున్నారు, తెరుచుకున్నది 1973లో. ఆస్ట్రేలియా డాలర్లలో చెప్పాలంటే 70 లక్షల అంచనా 10.2 కోట్లకు చేరింది. ఈ అంకెలు అందరూ చెప్పేవే, అసలు సంగతి వాటి వెనక ఉంది. ఎక్కడ ప్రజాభిప్రాయం మారి నిధులు ఆగిపోతాయోనని ప్రభుత్వం తొందరపెట్టడంతో, గవ్వల్లాంటి ఆ పైకప్పును ఎలా కట్టాలో తేలకముందే కింది వేదిక పని ఆరంభించారు. పైకప్పు ఆకారం ఒకే గోళం నుంచి కోసిన ముక్కలుగా స్థిరపడేసరికి 1961 వచ్చింది. అప్పటికే లేపిన స్తంభాలు ఆ బరువు మోయలేవని తేలి, వాటిని మళ్లీ కట్టవలసి వచ్చింది.

వ్యాఖ్యాత: అలాగని ప్రణాళికే వద్దనలేం కదా. పునాది లోతును వారం వారం మార్చుకోలేం.

అతిథి: మార్చుకోలేం కాబట్టే, దాని మీద పడబోయే బరువు సంగతి ముందు తేల్చుకోవాలి. రాబోయే మూడు నెలల పనిని రోజులవారీగా, ఆపైదాన్ని స్థూలంగా రాసుకుని, దగ్గరపడేకొద్దీ వివరాలు నింపుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. చిక్కల్లా కాంట్రాక్టు దగ్గర వస్తుంది. నిధులిచ్చేవారికి ‘నాలుగు నుంచి ఏడేళ్లు’ అన్న జవాబు రుచించదు. ఒక్క తేదీ చెప్పమంటారు, ఎవరో ఒకరు చెప్పేస్తారు, తరచుగా టెండరు కూడా వారికే దక్కుతుంది.

వ్యాఖ్యాత: గతంలోని ప్రాజెక్టులతో పోల్చి చూసుకుంటే?

అతిథి: 1979లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ సూచించిన మార్గం అదే. మన పని వివరాల్లో మునిగిపోకుండా, అలాంటి పనులు ఇంతకుముందు ఎలా నడిచాయో చూడమన్నారు. నేనూ మొదట అదే చేయమంటాను. అయితే అమెరికాలోని డెన్వర్ విమానాశ్రయంలో తలపెట్టిన ఆటోమేటిక్ లగేజీ వ్యవస్థ అంత పెద్దది అంతకుముందు ఎక్కడా లేదు. ప్రధానంగా దాని వల్లే, 1993 అక్టోబరులో తెరవాల్సిన విమానాశ్రయం 1995 ఫిబ్రవరికి గానీ తెరుచుకోలేదు. పోల్చడానికి పాతది లేనప్పుడు ప్రత్యామ్నాయమైనా ముందే సిద్ధంగా ఉండాలి. అక్కడ లగేజీని బండ్ల మీద లాగే మామూలు ఏర్పాటును ఆలస్యం మొదలయ్యాకే చేపట్టారు. ఆటోమేటిక్ వ్యవస్థను 2005లో పూర్తిగా పక్కనపెట్టి, మనుషులు నడిపే పద్ధతికే మారారు.