ఫుట్‌బాల్ కాంట్రాక్టు: జీతం కంటే గడువే ముఖ్యం

శ్రోతలకు నమస్కారం.

ఫలానా ఫుట్‌బాల్ ఆటగాడికి వారానికి ఇన్ని లక్షల పౌండ్లు ఇస్తున్నారట అన్న వార్త తరచూ వింటుంటాం. ఆ అంకె వినగానే నోరెళ్లబెడతాం. అతని కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉందన్న సంగతి మాత్రం వార్త చివర్లో ఎక్కడో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. నన్నడిగితే ముందు చెప్పాల్సింది అదే. ఫుట్‌బాల్‌లో బేరం ఎప్పుడు మొదలవుతుంది, ఎవరు మెట్టు దిగుతారు, ఎవరు బిగుసుకు కూర్చుంటారు అన్నవన్నీ ఆ మిగిలిన గడువును బట్టే ఉంటాయి.

మామూలు ఉద్యోగంలో నోటీసు ఇచ్చి మానేసి, ఇంకో చోట చేరిపోవచ్చు. ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. ఎన్నేళ్లకు సంతకం పెడితే అన్నేళ్లూ ఆటగాడూ క్లబ్బూ ఇద్దరూ కట్టుబడి ఉండాలి. మధ్యలో వేరే క్లబ్బుకి వెళ్లాలంటే ఇప్పుడున్న క్లబ్బు సరేననాలి. ఊరికే ఎందుకంటుంది? మిగిలిన గడువును వదులుకున్నందుకు డబ్బు అడుగుతుంది. ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటే అదే. ఒక ఆటగాడిని ఇన్ని కోట్లకు కొన్నారని అంటాం కానీ, నిజానికి కొన్నది అతని కాంట్రాక్టులో మిగిలిన కాలాన్ని.

ఈ కాలానికి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా హద్దులు పెట్టింది. కనీసం ఆ సీజన్ చివరి దాకా కాంట్రాక్టు ఉండాలి. గరిష్ఠం అయిదేళ్లు, అంతకు మించి రాసుకోవాలంటే ఆ దేశపు చట్టం ఒప్పుకోవాలి. 18 ఏళ్లు నిండని పిల్లలతో అయితే మూడేళ్లకు మించిన ఒప్పందం చెల్లదు. ఇంకో మంచి నియమం ఉంది. వైద్య పరీక్షలో పాసైతేనే ఈ ఒప్పందం చెల్లుతుందని షరతు పెట్టకూడదు. పరీక్షలేవో సంతకానికి ముందే చేయించుకోవాలి. సంతకం పడ్డాక మోకాలు బాగాలేదని వెనక్కి తగ్గడానికి వీల్లేదు.

ఇక డబ్బు సంగతి. మూల జీతం ఒక భాగం మాత్రమే. సంతకం చేసినందుకు ఇచ్చే సొమ్ము ఉంటుంది, దాన్ని చాలాసార్లు ఏడాదికింతని విడతలుగా ఇస్తారు. మ్యాచ్ ఆడితే ఇంత, గోల్ కొడితే ఇంత, గోల్‌కీపరైతే గోల్ పడకుండా కాస్తే ఇంత అని బోనస్‌లు ఉంటాయి. జట్టు యూరప్‌లోని మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్తే జీతం పెంచాలని ఆటగాడి తరఫువాళ్లు రాయించుకుంటారు, కింది లీగ్‌కి పడిపోతే తగ్గించాలని క్లబ్బు రాయించుకుంటుంది. పేరున్నవాళ్లకి ఫొటో, పేరు వాడుకునే హక్కుల మీద విడిగా ఒప్పందం ఉంటుంది.

వీటిలో లాయల్టీ బోనస్ అనేది నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. ఫలానా తేదీ నాటికి ఆటగాడు క్లబ్బులోనే ఉంటే అది అందుతుంది. నన్ను పంపించేయండి అని తానే రాతపూర్వకంగా అడిగితే మాత్రం దాన్ని వదులుకోవాల్సి రావచ్చు. అందుకే వెళ్లిపోవాలని ఉన్నా చాలామంది కాగితం మీద పెట్టరు. ఏజెంట్ పత్రికల వాళ్లతో ఒక మాట అంటాడు, ఆటగాడు ఇంటర్వ్యూలో భవిష్యత్తు గురించి ఏమీ తేల్చడు. బయటి నుంచి చూసేవాళ్లకి ఇదంతా నాన్చుడులా కనిపిస్తుంది. లోపల మాత్రం ఆ ఒక్క ఉత్తరం ఖరీదు ఎంతో ఇద్దరికీ తెలుసు.

ఒప్పుకున్న జీతం ఒప్పుకున్నట్టే ఇవ్వాలి. కోచ్‌కి నచ్చకపోయినా, ఏడాదంతా బెంచీ మీదే కూర్చున్నా మూల జీతం ఆగదు. డచ్ డిఫెండర్ విన్‌స్టన్ బొగార్డ్ 2000లో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీలో నాలుగేళ్ల కాంట్రాక్టుతో చేరాడు. చేరిన కొద్ది రోజులకే కోచ్ మారాడు, కొత్త కోచ్‌కి ఇతని అవసరం లేకపోయింది. నాలుగేళ్లలో లీగ్‌లో పది మ్యాచ్‌లు కూడా ఆడలేదు. వేరే చోటికి వెళ్లిపొమ్మని ఎంత ఒత్తిడి వచ్చినా వెళ్లలేదు. ప్రాక్టీసుకి వచ్చేవాడు, జీతం తీసుకునేవాడు. అప్పట్లో పత్రికలు అతన్ని డబ్బు పిచ్చివాడన్నాయి. నేను ఒప్పుకోను. ఆ కాగితం మీద సంతకం ఇద్దరూ పెట్టారు. ఆటగాడు బాగా ఆడుతున్నప్పుడు గడువు ఉంది కదా, కదలడానికి వీల్లేదని క్లబ్బు అనగలిగితే, ఆట తగ్గినప్పుడు అదే మాట అనే హక్కు ఆటగాడికీ ఉంటుంది.

గడువు ఉండగానే వెళ్లే దారి కూడా కాంట్రాక్టులోనే పెట్టుకోవచ్చు. దాన్ని రిలీజ్ క్లాజ్ అంటారు. ఇంత మొత్తం ఎవరైనా ఇస్తే వదిలేయాలన్న షరతు అది. స్పెయిన్‌లో 1985 నాటి ఒక రాజ శాసనం కారణంగా దాదాపు ప్రతి ఆటగాడి కాంట్రాక్టులోనూ ఈ అంకె ఉంటుంది. ఎవరూ కట్టలేనంత పెట్టేస్తే సరిపోతుందని క్లబ్బులు అనుకునేవి. బార్సిలోనా క్లబ్బు కూడా బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ విషయంలో 22 కోట్ల 20 లక్షల యూరోలు పెట్టి నిశ్చింతగా ఉంది. 2017 ఆగస్టులో ఫ్రాన్స్ క్లబ్బు పారిస్ సాన్ జర్మాన్ ఆ మొత్తం కట్టి అతన్ని తీసుకుపోయింది. బార్సిలోనాకి కాదనే వీలే లేకపోయింది.

షరతును ఎలా రాశారన్నది ఎంత ముఖ్యమో సువారెజ్ ఉదంతం చెప్తుంది. 2013లో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ కాంట్రాక్టులో 4 కోట్ల పౌండ్ల దగ్గర ఏదో షరతు ఉందని మరో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌కి తెలిసింది. సరిగ్గా 4 కోట్ల మీద ఒక్క పౌండు పెట్టి బేరం పంపింది. లివర్‌పూల్ ససేమిరా అంది. అంతకు మించి ఎవరైనా ఇస్తామంటే తప్పకుండా అమ్మాలా, లేక అలాంటి బేరం వచ్చిందని ఆటగాడికి చెప్పి మాట్లాడితే చాలా? వాదమంతా దాని చుట్టూనే తిరిగింది. సువారెజ్ ఆ ఏడు కదల్లేదు. డిసెంబరులో లివర్‌పూల్‌తోనే కొత్త కాంట్రాక్టు రాసుకున్నాడు, మరుసటి వేసవిలో అంతకంటే చాలా ఎక్కువ మొత్తానికి బార్సిలోనా వెళ్లాడు. ఒక వాక్యం గట్టిగా రాయకపోవడం వల్ల ఒక క్లబ్బుకి అన్ని కోట్లు కలిసొచ్చాయి.

గడువు అయిపోతే ఏమవుతుంది? ఆటగాడు స్వేచ్ఛగా వెళ్లిపోతాడు అని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం. ఒకప్పుడు అలా లేదు. ఇంగ్లండ్‌లో 1961 దాకా జీతానికి పై హద్దు ఉండేది, వారానికి 20 పౌండ్లు. ఎంత గొప్ప ఆటగాడైనా అంతకు మించి ఇవ్వకూడదు. పైగా కాంట్రాక్టు ముగిసినా క్లబ్బు వదలకపోతే ఆటగాడు ఇంకెక్కడా ఆడలేడు. జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు కోర్టుకెళ్లాక 1963లో ఆ పద్ధతి కొంత సడలింది.

పూర్తిగా తలకిందులైంది మాత్రం బెల్జియంలో మొదలైన కేసుతో. జాన్ మార్క్ బోస్మన్ లియేజ్ క్లబ్బు ఆటగాడు. 1990లో అతని కాంట్రాక్టు ముగిసింది. క్లబ్బు జీతం బాగా తగ్గించి కొత్త ఒప్పందం ఇవ్వబోయింది. అతను వద్దని ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకి వెళ్లబోతే, ఫీజు కట్టందే పంపమంది. కాంట్రాక్టు లేదు, జీతం లేదు, అయినా వెళ్లే వీల్లేదు! అతను అయిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. గడువు ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లోని మరో దేశపు క్లబ్బుకి వెళ్తే ఫీజు అడగకూడదని తేల్చింది. బోస్మన్ ఆడగలిగిన మంచి ఏళ్లు ఆ కేసుకే పోయాయి. ఆయన తెచ్చిపెట్టిన స్వేచ్ఛతో తర్వాతి తరాల వాళ్లు కోట్లు సంపాదించారు, ఆయనకు దక్కింది చాలా తక్కువ. ఈ ఆటను ప్రేమించేవాళ్లు ఆయన పేరు మరిచిపోకూడదని నా కోరిక.

ఇప్పుడు ఫిఫా నియమం ప్రకారం కాంట్రాక్టు ఆరు నెలల్లో ముగుస్తుందనగా ఆటగాడు మరో క్లబ్బుతో ఒప్పందం చేసుకోవచ్చు. కాబట్టి క్లబ్బుకి అసలు టెన్షన్ ఆఖరి ఏడాదిలో కాదు, దానికి ముందు ఏడాదిలోనే మొదలవుతుంది. రెండేళ్లు మిగిలి ఉండగా ఆటగాడిని కూర్చోబెట్టి మాట్లాడాలి. కుదిరితే పొడిగించాలి, కుదరకపోతే ధర పలికేటప్పుడే అమ్ముకోవాలి. ఆ రెండూ చేయకపోతే చేతికి చిల్లిగవ్వ రాదు. 2010 అక్టోబరులో వేన్ రూనీ మాంచెస్టర్ యునైటెడ్‌ని వదిలేస్తానని బయటికి చెప్పినప్పుడు అతని కాంట్రాక్టు రెండేళ్లలోపే మిగిలి ఉంది. రెండు రోజులు తిరక్కుండానే క్లబ్బు అయిదేళ్ల కొత్త కాంట్రాక్టు ఇచ్చింది.

కొత్త కాంట్రాక్టు ఇస్తే క్లబ్బు ఖర్చు పెరుగుతుంది కదా అనిపిస్తుంది. లెక్కల పుస్తకంలో చూస్తే కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. ఉదాహరణకి ఒక ఆటగాడి కోసం 10 కోట్ల యూరోల ఫీజు కట్టి, అయిదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారనుకుందాం. ఆ ఫీజును లెక్కల్లో ఏడాదికి 2 కోట్ల చొప్పున పంచి చూపిస్తారు. మూడేళ్లు గడిచాయి. ఇంకా 4 కోట్లు మిగిలాయి, రెండేళ్ల గడువు ఉంది. ఇప్పుడు మరో మూడేళ్లు పొడిగిస్తే ఆ 4 కోట్లను అయిదేళ్లకు పంచుకోవచ్చు. ఏడాదికి 80 లక్షలే. అంటే ఏడాది లెక్కలో కోటీ 20 లక్షలు తగ్గాయి. ఆటగాడికి జీతం పెంచడానికి అందులోంచే చోటు దొరుకుతుంది.

ఈ కిటుకును చెల్సీ చివరి దాకా లాగింది. 2023 జనవరిలో 10 కోట్ల 68 లక్షల పౌండ్లకు తెచ్చిన ఎన్సో ఫెర్నాండెజ్‌కి ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు రాసింది. ఫీజు అన్నేళ్లకు పంచితే ఏడాది భారం చిన్నదిగా కనిపిస్తుంది మరి. దాంతో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ఆ వేసవిలోనే, కాంట్రాక్టు ఎన్నేళ్లున్నా తమ లెక్కల్లో అయిదేళ్లకు మించి పంచడానికి ఒప్పుకోమంది. ఏడాది చివర్లో ఇంగ్లండ్‌లోని అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ కూడా అదే దారి పట్టింది. అయినా ఆటగాడి వైపు నుంచి ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎనిమిదేళ్లు భరోసా నిజమే. కానీ మూడో ఏడాదికే తోటివాళ్ల జీతాలు రెట్టింపైతే? కోచ్ మారి, పక్కన పెట్టేస్తే? మిగిలిన గడువే అప్పుడు సంకెల అవుతుంది.

బేరంలో మనుషులు ఎలా వేరవుతారో చూడాలంటే లివర్‌పూల్ 2024–25 సీజన్ చాలు. మొహమ్మద్ సలా, వర్జిల్ వాన్ డైక్, ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ ముగ్గురి కాంట్రాక్టులూ 2025 జూన్‌తోనే ముగుస్తున్నాయి. ముప్ఫై దాటిన సలా, వాన్ డైక్‌లకు ఏప్రిల్‌లో చెరో రెండేళ్లు పొడిగించారు. ఆ వయసులో అంతకంటే పొడుగు గడువు ఇవ్వడానికి క్లబ్బులు జంకుతాయి. ఆరేళ్ల వయసు నుంచీ అక్కడే పెరిగిన ట్రెంట్ మాత్రం రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. క్లబ్ ప్రపంచ కప్ కోసం కొన్ని వారాలు ముందుగా పంపమని మాడ్రిడ్ కొద్దిపాటి సొమ్ము ఇచ్చింది కాబట్టి లివర్‌పూల్‌కి ఆ మాత్రమైనా వచ్చింది. అభిమానులు అతన్ని గేలి చేశారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. అయితే రాసుకున్న గడువు ఆఖరి దాకా ఆడి, లీగ్ గెలిచి వెళ్లినవాడిని ద్రోహి అనడం న్యాయం కాదు.

ఇంతసేపూ పెద్ద పేర్లే చెప్పాను. ప్రపంచంలో ఎక్కువమంది ప్రొఫెషనల్ ఆటగాళ్లకు ఏజెంట్లు క్యూ కట్టరు. కాంట్రాక్టు ఒక్క సీజన్‌కే ఉంటుంది, ఆ జీతమైనా సమయానికి రాదు. వాళ్లకి పనికొచ్చే నియమం ఒకటుంది. క్లబ్బు కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి 15 రోజుల గడువు పెట్టవచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని పరిహారం అడగవచ్చు. దీన్ని 2018లో ఫిఫా నియమాల్లో చేర్చారు. చాలామంది కుర్రాళ్లు నోటీసు ఇవ్వకుండా కోపంతో వెళ్లిపోయి, తప్పు తమ మీదకే తెచ్చుకుంటారు. ఆటగాళ్ల సంఘాలు ముందు నేర్పాల్సిన పాఠం ఇది.

మహిళల ఆటలో ఇంకా పెద్ద ఖాళీ ఉండేది. 2021 జనవరి నుంచి ఫిఫా ప్రసూతి నియమాలు తెచ్చింది. కనీసం 14 వారాల సెలవు, ఆ కాలంలో జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలి, గర్భవతి అయిందని కాంట్రాక్టు రద్దు చేయకూడదు. ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్ అప్పుడు ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్బులో ఉంది. గర్భవతి అయ్యాక క్లబ్బు ఒప్పుకోగానే స్వదేశం వెళ్లింది. జీతం ఖాతాలో పూర్తిగా పడటం లేదని అక్కడ ఉండగానే గమనించింది. ఆటగాళ్ల సంఘం అండతో ఫిఫా ట్రిబ్యునల్‌కి వెళ్లింది, 82 వేల యూరోలకు పైగా గెలుచుకుంది. కొత్త నియమాల కింద అలాంటి మొదటి పెద్ద తీర్పు అది. 2023 జనవరిలో జరిగిందంతా తానే రాసి బయటపెట్టింది. ఇప్పుడు ఏ క్లబ్బుతో కూర్చున్నా ఒక క్రీడాకారిణి ఆ తీర్పును బల్ల మీద పెట్టి మాట్లాడగలదు.

సెలవు, నమస్కారం.