భైరవకోనలో ఫొటోలా? ముందు తూర్పు ఎటో చూసుకోండి

[తెర మీద: తెల్లగా మాడిపోయిన ఫొటో]

ఈ ఫొటో తీసింది నేనేనండీ. ఆ తెల్లటి మరకే జలపాతం. నెల్లూరులో నింపాదిగా ఇడ్లీలు తిని బయల్దేరి, ఉదయగిరి, సీతారాంపురం మీదుగా భైరవకోన చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. ఫొటోల్లో నీళ్లేమో సున్నం, గుహలేమో బొగ్గు. ఫోను మంచిదే, నేను వెళ్లిన వేళే బాలేదు.

[గుహల వరస, నెమ్మదిగా]

ఇక్కడ కొండరాతిని తొలిచిన శివాలయాలు ఎనిమిది ఉన్నాయి. ఏడు తూర్పుముఖం, ఒకటి ఉత్తరముఖం. ఫొటోలు తీసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే ముక్క లేదు. గుహల్లోకి వెలుతురు వెళ్లేది పొద్దున్నే. మధ్యాహ్నం దాటితే సూర్యుడు కొండ వెనక్కి పోతాడు.

అలాగని ఎండ తిన్నగా ముఖాన కొట్టినప్పుడు తీస్తే ద్వారపాలకులు గోడకి అంటించిన బొమ్మల్లా పడతారు. రాతిలో లోతు కనిపించాలంటే నీడ ఉండాలి, నీడ రావాలంటే వెలుగు పక్క నుంచి పడాలి. చలికాలం ఇందుకు బాగుంటుంది. సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు కాబట్టి, గుహకి ఎదురుగా నిలబడ్డ మనకి వెలుగు ఎడమచేతి వైపు నుంచి పడుతుంది.

[దగ్గరగా: ఫోను తెర మీద వేలు]

ద్వారపాలకుడి ముఖం మీద వేలు నొక్కి పట్టుకోండి. ఫోకస్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తుని కాస్త కిందికి లాగండి. ఫ్లాష్ మాత్రం వద్దు, చెక్కడం అంతా చదును చేసేస్తుంది. గర్భగుడిలో తీయాలంటే పూజారి గారిని అడగండి. వద్దంటే వద్దు, అంతే.

[జలపాతం]

జలపాతం జోరు చూడాలంటే వానల తర్వాతే వెళ్లాలి. నీళ్లు పాలధారలా రావాలంటే షటర్ అర సెకను తెరిచి ఉండాలి, ఎండలో అంతసేపు తెరిస్తే నా ఫొటో గతే. కెమెరా యాప్‌లోని ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) బాగా తగ్గించండి, నీడ ఉన్నప్పుడు తీయండి. అప్పటికీ వెలుతురు ఎక్కువైతే లెన్స్‌కి అడ్డంగా కూలింగ్ గ్లాసెస్ పెట్టండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. పోలరైజ్డ్ అద్దాలైతే, వాటిని కాస్త తిప్పి చూస్తే తడి బండల మీది మెరుపు కూడా తగ్గుతుంది.

[రాత్రి, నీళ్లలో చంద్రుడు]

ఇక అందరూ అడిగేది కార్తీక పౌర్ణమి గురించి. ఆ రాత్రి వెన్నెల సెలయేటి నీళ్లలో పడి, అక్కడి నుంచి అమ్మవారి మీదికి ప్రసరిస్తుందని చెబుతారు. పౌర్ణమి చంద్రుడు సూర్యుడు అస్తమించే వేళకి సరిగ్గా ఎదురుగా, అంటే తూర్పున లేస్తాడు. పొద్దున ఎండలాగే రాత్రి వెన్నెల కూడా తూర్పు వైపు నుంచే వస్తుందన్నమాట. చంద్రుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు నీటిని ఏటవాలుగా తాకుతాయి. ఏటవాలు పెరిగేకొద్దీ నీళ్లు అద్దంలా ఎక్కువ వెలుగుని తిప్పి కొడతాయి.

దాన్ని ఫొటో తీయడం మాత్రం కష్టమేనండీ. నిండు వెన్నెల ఎండకంటే దాదాపు 4 లక్షల రెట్లు తక్కువ. ఎండలో సెకనులో 8000వ వంతు చాలే ఫొటోకి, అదే సెట్టింగ్‌తో నేరుగా పడే వెన్నెల్లో 50 సెకన్లు కావాలి. నీళ్ల మీద తిరిగి వచ్చిన వెలుగుకైతే ఇంకా ఎక్కువే. చేతిలో పట్టుకుని తీయడం కుదరని పని. తువ్వాలు మడిచి బండ మీద పెట్టి, దాని మీద ఫోను ఆనించండి. నైట్ మోడ్, మూడు సెకన్ల టైమర్. జనం దీపాలతో మధ్యలో నడుస్తూనే ఉంటారు.

[తెర మీద: గుహ ముందు వంకరటింకర పసుపు గీత]

ఇదిగో, ఒక పెద్దమ్మ దీపం పట్టుకుని అటు నుంచి ఇటు నడిచి వెళ్లింది. అమ్మవారి మీది వెన్నెల దొరకలేదు గానీ, ఈ ట్రిప్పులో ఫ్రేము కట్టించుకున్నది ఈ ఒక్క ఫొటోనే.